అట్టమీది అమ్మాయి ఎవరు?

తెలుగులో పదిహేనేళ్ల ఆడపిల్లల కోసమని ప్రత్యేకంగా వచ్చిన పుస్తకాలు తక్కువ. చందమామ పక్కన పెట్టగానే మా తరం పిల్లలం వారపత్రికల సీరియళ్లు, యద్దనపూడి సులోచనారాణి నవలలు అందుకున్నాం. అద్దె పుస్తకాల షాపు నుంచి వచ్చిన ఆ నవలల అట్టలమీద ఒక అమ్మాయి ఉండేది. పెద్ద కళ్లు, వాలుజడ, సన్నని నడుము. ఆమెను చూసే మేం జడలు వేసుకున్నాం. ఇంతకీ ఆ బొమ్మకి ఎదురుగా కూర్చున్న అమ్మాయి ఎవరైనా ఉందా?

చాలాసార్లు ఉండదు. మన దగ్గర వ్యవహారం తలకిందులుగా నడిచింది. మనిషిని చూసి బొమ్మ గీయడం కాదు, బొమ్మను చూపించి మనిషిని కొలవడం. 'బాపు బొమ్మలా ఉంది' అనే మాట పెళ్లిచూపుల్లో ఎన్ని వేలసార్లు వినపడిందో! బాపు (1933-2014) గీత గొప్పదనం గురించి నాకు పేచీ లేదు. ఆ గీతను కొలబద్దగా మార్చి, నల్లగా, పొట్టిగా, లావుగా ఉన్న పిల్లల చేతిలో పెట్టిన సమాజంతోనే నా పేచీ.

నిజమైన మనిషి ఉన్నచోట ఏం జరిగింది? 1984లో పాకిస్తాన్‌లోని నాసిర్ బాగ్ శరణార్థి శిబిరంలో స్టీవ్ మెకరీ ఒక అఫ్ఘాన్ బాలిక ఫోటో తీశాడు. 1985 జూన్ నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రంగా ఆ ఆకుపచ్చ కళ్లు ప్రపంచమంతా తిరిగాయి. ఆమె పేరు షర్బత్ గులా అని లోకానికి తెలిసింది 2002లో. అప్పటిదాకా ఆ ఫోటోను ఆమే చూడలేదు! 2009లో అమెరికాలో జస్టిన్ లార్బలెస్టియర్ రాసిన 'లయర్' అనే టీనేజి నవలది ఇంకో కథ. కథానాయిక నల్లజాతి పిల్ల, అట్టమీద మాత్రం తెల్లపిల్ల. రచయిత్రి బహిరంగంగా అభ్యంతరం చెప్పాక, పాఠకులు గొడవ చేశాక అట్ట మార్చారు. మొదటిచోట ముఖం ఉంది, పేరు లేదు. రెండోచోట ముఖమే మారిపోయింది.

బొమ్మకీ మనిషికీ మధ్య దూరం తక్కువగా ఉన్న చోటు వెతుక్కుంటూ నేను విజయవాడ పక్కనే ఉన్న కొండపల్లి వెళ్లాను. దశావతారాలు, అంబారీ ఏనుగులతోపాటు అక్కడ తిరగలి విసిరే ఆమె, రోట్లో దంచే ఆమె, మజ్జిగ చిలికే ఆమె కూడా తయారవుతారు. తెల్ల పొణికి కర్రను ఆరబెట్టి, అవయవాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఆపైన సున్నం, ఆపైన రంగులు. రంగుల పనిలో ఆడవాళ్ల చెయ్యి ఎక్కువ.

మజ్జిగ చిలికే బొమ్మకి కనుబొమలు దిద్దుతున్న ఒకామెను, ఇది ఎవర్ని చూసి చేశారమ్మా అని అడిగాను. ఆమె నవ్వేసింది. ఎవర్నో చూడాల్సిన పనేముంది, పొద్దున లేస్తే మేం చేసేది అదేగా అంది. ఆ బొమ్మకి మోడల్ ఆమే. చిత్రకారిణీ ఆమే. కానీ పెట్టెమీద ఊరి పేరు ఉంటుంది, షాపు పేరు ఉంటుంది, ఆమె పేరు ఉండదు. సంక్రాంతి కొలువులో పేరంటాళ్లు మెచ్చుకునేది కొండపల్లినే.

పుస్తకాల్లో దీనికి దారి లేకపోలేదు. హైదరాబాదులోని అన్వేషి 2008లో 'డిఫరెంట్ టేల్స్' పేరుతో తెలుగు, మలయాళం, ఇంగ్లీషుల్లో పిల్లల పుస్తకాలు తెచ్చింది. గోగు శ్యామల, జూపాక సుభద్ర, మహమ్మద్ ఖదీర్‌బాబు కథల్లోని పిల్లలు దళిత వాడలనుంచి, ముస్లిం ఇళ్లనుంచి వచ్చినవాళ్లు. అలాంటి పిల్లల్ని గియ్యాలంటే వాలుజడ, సన్నని నడుము పనికిరావు. పనిచేసే చేతుల్ని, ఎండకు కమిలిన ముఖాల్ని దగ్గరగా చూడక తప్పదు.

మనం రాసేవాళ్లం, అచ్చువేయించుకునేవాళ్లం. అట్ట ఎవరు వేశారో లోపలి పేజీలో రాయించడం మన చేతిలో ఉన్న పనే. ఆ బొమ్మకోసం ఎవరైనా కూర్చుని ఉంటే, ఆమెను అడిగి, ఆమె సరేనంటే ఆమె పేరూ వేయించాలి. కొండపల్లి బొమ్మ కొనేటప్పుడు రంగులు వేసింది ఎవరని షాపతన్ని అడగాలి. కొనేవాళ్లు పదిమంది అడిగితే, పదకొండో పెట్టెమీద ఆమె పేరు కనపడొచ్చు.