రియాక్టర్ ఆపేస్తే అయిపోయినట్టేనా? కల్పాక్కం, 2004

మన పిడుగురాళ్ల సున్నపు బట్టీలు చూసే ఉంటారు. మంట ఆర్పేసినా బట్టీ వెంటనే చల్లారదు. అణు రియాక్టర్ సంగతీ అంతే. కాకపోతే ఇది ఇంకా మొండిది.

2004 డిసెంబర్ 26, ఆదివారం పొద్దున. చెన్నైకి దక్షిణాన కల్పాక్కంలో రెండో యూనిట్ నడుస్తోంది. మొదటిది రిపేర్ల కోసం ముందే ఆపేశారు. సునామీ నీళ్లు ఒక్కసారిగా పంప్‌హౌస్‌లోకి వచ్చేశాయి. సముద్రపు నీళ్లు తోడే పంపులు ఆగాయి, టర్బైన్ ఆగింది, రియాక్టర్‌నీ ఆపేశారు. చైన్ రియాక్షన్ ఆగడానికి సెకన్లు చాలు. సినిమా అయితే ఇక్కడే శుభం కార్డు పడేది!

కానీ యురేనియం పరమాణువులు చీలాక మిగిలిన ముక్కలు వేడి పుట్టిస్తూనే ఉంటాయి. ఆపిన క్షణాన అది రియాక్టర్ పూర్తి వేడిలో సుమారు 6 శాతం. రోజుల తరబడి చల్లబరుస్తూనే ఉండాలి. దానికి నీళ్లు కావాలి, పంపులకి కరెంటు కావాలి. కల్పాక్కంలో కరెంటు పోలేదు, గట్టెక్కారు.

2011లో ఫుకుషిమాలో కూడా భూకంపం రాగానే రియాక్టర్లు వాటంతటవే ఆగాయండీ. అసలు దెబ్బ ఆ తర్వాతే. బయటి కరెంటు పోయింది, బేస్‌మెంట్లలోని డీజిల్ జనరేటర్లు సునామీకి మునిగాయి. మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగిపోయింది.

కల్పాక్కంలో ప్లాంట్ నిలబడింది. పక్కనే ఉద్యోగులుండే టౌన్‌షిప్‌లో మాత్రం ఆ పొద్దున అల ప్రాణాలు తీసుకెళ్లింది.