ఘనా పక్షులు, వాటి చుట్టూ మనుషులు

పక్షుల్ని చూడడం ఒంటరి వ్యాపకమని చాలామంది అనుకుంటారు. మెడలో బైనాక్యులర్స్, చేతిలో చిన్న పుస్తకం, గంటల తరబడి నోట మాట లేకుండా చెట్టు కింద నిలబడిన మనిషి: ఇదీ మన మనసులో మెదిలే బొమ్మ. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చరిత్ర చెప్పేది వేరు. ఒక పక్షి ఒకరి కంట పడడానికి వెనక ఎందరి శ్రమ ఉంటుందో, వారిలో ఎవరి పేరు మిగులుతుందో, ఎవరిది చెరిగిపోతుందో తెలుసుకోవడానికి మన దేశంలో ఇంతకన్నా మంచి చోటు లేదనిపిస్తుంది నాకు.

భరత్‌పూర్ పట్టణాన్ని ఆనుకొని ఉన్న కేవలాదేవ్ జాతీయోద్యానం విస్తీర్ణం సుమారు 29 చదరపు కిలోమీటర్లు. లోపలున్న శివాలయం పేరే ఉద్యానానికీ వచ్చింది. స్థానికులు మాత్రం ‘ఘనా’ అంటారు, అంటే దట్టమైన అడవి. అయితే ఈ అడవీ, దీని మధ్య నీళ్ళూ వాటంతట అవి ఏర్పడినవి కావు. 18వ శతాబ్దంలో జాట్ రాజు సూరజ్‌మల్ గంభీర్, బాణగంగ నదులు కలిసే చోట అజాన్ కట్ట కట్టించాడు. 19వ శతాబ్దం చివరికి వచ్చేసరికి సంస్థానం వారు ఈ పల్లానికి కాలవలు తవ్వి, గట్లు పోసి, తూములు అమర్చి నీరు నిలిపారు. అదంతా పక్షుల మీద ప్రేమతో చేసింది కాదు. బాతుల వేట కోసం.

1902లో వైస్రాయి కర్జన్ గౌరవార్థం ఇక్కడ పెద్ద వేట జరిగింది. ఆ తరువాత ఘనాలో వేటకు ఆహ్వానం అందడమే ఒక హోదా అయింది. ఢిల్లీ దొరలతో స్నేహం నిలుపుకోవడానికి భరత్‌పూర్ రాజుల చేతిలో ఈ నీటి మడుగులకు మించిన సాధనం లేకపోయింది. ఆ వేటల వివరాలు చెక్కిన రాతిపలక ఈనాటికీ గుడి దగ్గర నిలిచి ఉంది. తేదీ, ఎవరి గౌరవార్థం, ఎన్ని తుపాకులు, ఎన్ని పక్షులు అన్నవి వరసగా కనిపిస్తాయి. వాటిలో అన్నిటికన్నా పెద్ద అంకె 1938 నవంబరు 12వ తేదీది. వైస్రాయి లిన్‌లిత్‌గో వచ్చిన ఆ ఒక్కరోజున కూలిన పక్షులు 4273. ఇంత కచ్చితంగా లెక్క రాసుకున్న ఆ పలక మీద, చలిలో మోకాలి లోతు నీళ్ళలో దిగి ఆ 4273 పక్షుల్నీ ఏరి ఒడ్డుకు చేర్చిన వాళ్ళ లెక్క మాత్రం లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ నీళ్ళు మళ్ళించి, నేలను సాగులోకి తేవాలన్న కోరిక బలంగా వినిపించింది. ఆకలితో ఉన్న దేశంలో అది అన్యాయమైన కోరికేమీ కాదు. ప్రఖ్యాత పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నెహ్రూ దాకా వెళ్ళి చెప్పడంతో ఘనా మిగిలింది. సంస్థానం పోయినా రాజుగారి వేట హక్కు మాత్రం 1972 దాకా సాగింది. 1960ల నుంచి ఒకవైపు ఆ తుపాకులు పేలుతుండగానే, మరోవైపు బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ వారు అదే నీటిలో పక్షుల్ని సజీవంగా పట్టి, కాళ్ళకు ఉంగరాలు తొడిగి వదిలిపెడుతూ వాటి వలస దారులు తెలుసుకునే పని సాగించారు.

పక్షిని చంపకుండా, రెక్క విరగకుండా పట్టడం ఎవరికి వచ్చు? విశ్వవిద్యాలయాల్లో చదివిన వాళ్ళకు రాదు. బిహార్‌లో తరతరాలుగా పక్షుల్ని పట్టి అమ్ముకొని బతికిన మీర్‌షికార్‌లు ఆ పనికి వచ్చారు. వలలు, ఉచ్చులు, వెదురు పుల్లలు, జిగురు, కూతల అనుకరణ: ఇదంతా వారి విద్య. వారిలో అలీ హుస్సేన్ పేరు పక్షి శాస్త్రవేత్తలందరికీ తెలుసు. నిన్నటిదాకా వేటగాడి నేర్పు అన్నది ఇక్కడ శాస్త్రానికి చేయూత అయింది. అయినా పరిశోధన వ్యాసం పైన రచయితల వరసలో వల పన్నినవాడి పేరు ఉండడం అరుదు. చాలాసార్లు చివర కృతజ్ఞతల్లో ఒక పంక్తితో సరి.

జాతీయోద్యానం అయ్యాక ఆ స్థానంలోకి సైకిలు రిక్షావాళ్ళు వచ్చారు. లోపలి దారిలో మోటారు వాహనాలకు అనుమతి లేకపోవడంతో దశాబ్దాలపాటు దేశదేశాల పక్షి ప్రేమికులు రిక్షా ఎక్కే తిరిగారు. రిక్షా తొక్కేవారిలో సర్దార్జీలు చాలామంది. అటవీశాఖ వారికి పక్షుల గురించి శిక్షణ ఇచ్చింది గానీ, అసలు చదువు రోజూ ఆ దారిలో తిరగడం వల్ల అబ్బినదే. నన్ను తిప్పిన పెద్దాయన పెడల్ మీద కాలు ఆపకుండానే, బెరడు రంగులో కలిసిపోయిన గుడ్లగూబను చూపించాడు. పక్షి పేరు హిందీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెప్పాడు. ఏ పక్షి ఏ చెట్టు మీద, ఏ వేళ వెలుగు ఎటు పడుతుందో ఆయనకు కంఠతా వచ్చు. పొడవాటి లెన్సులతో వచ్చిన ఫోటోగ్రాఫర్లు ముందుగా వెతుక్కొనేది ఇలాంటి మనిషినే. ఫోటో కింద మాత్రం తీసినవారి పేరు, కెమెరా వివరం ఉంటాయి.

ఈ చరిత్రలో అన్నిటికన్నా బరువైన అధ్యాయం 1982. ఆ ఏడాది ఘనా జాతీయోద్యానం అయింది. చుట్టుపక్కల గ్రామాల వాళ్ళు తరతరాలుగా గేదెల్ని మేపుకుంటున్న నేల అది. పశువులు పక్షులకు చేటని నిపుణులు నమ్మారు. సలీం అలీ కూడా మేతను నిలిపివేయాలన్నవారిలోనే ఉన్నారు. వారి ఉద్దేశాన్ని నేను శంకించను. అయితే ప్రత్యామ్నాయం చూపకుండా నవంబరులో మేత నిషేధించారు. గ్రామస్థులు గేదెల్ని లోపలికి తోలడానికి ప్రయత్నించారు. పోలీసులు కాల్పులు జరిపారు. మనుషులు చనిపోయారు. మూడేళ్ళకు, 1985లో, యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో ఘనా చేరింది. వేటల లెక్క చెక్కిన రాయి ఉన్నచోట, ఈ మరణాల లెక్క చెక్కిన రాయి నాకు కనిపించలేదు.

ఆ తరువాత జరిగింది ఎవరూ ఊహించనిది. బొంబాయి సొసైటీ వారే వి. ఎస్. విజయన్ నాయకత్వంలో 1980 నుంచి పదేళ్ళపాటు ఇక్కడ అధ్యయనం చేశారు. గేదెలు లేకపోవడంతో నీటిలో ఒక రకం గడ్డి విపరీతంగా పెరిగి మడుగుల్ని కప్పేసిందనీ, చేపలకూ బాతులకూ తెరిపి నీరు తగ్గిపోయిందనీ తేల్చారు. గేదె మేయడం, గేదె తొక్కడం ఆ నీటిమడుగు నడిచే తీరులో భాగమన్న మాట. పశువుల కాపరికి ఎరుకలో ఉన్నదాన్ని పదేళ్ళ శ్రమతో శాస్త్రం నిర్ధారించింది. నిర్ధారించి దాచుకోకుండా ప్రకటించింది కూడా. ఆ నిజాయితీకి నమస్కరించాలి. తరువాత గడ్డి కోసుకోవడానికి గ్రామస్థులను లోపలికి అనుమతించారు. చనిపోయినవారు మాత్రం తిరిగిరారు కదా.

ఘనాకు అంతర్జాతీయంగా పేరు తెచ్చిన పక్షి సైబీరియా కొంగ. పశ్చిమ సైబీరియా నుంచి అఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్‌ల మీదుగా ఎగిరి చలికాలానికి ఇక్కడికి చేరేది. 1960ల మధ్యలో రెండు వందల దాకా వచ్చినవి ఏటేటా తగ్గి, 2001-02 చలికాలంలో ఒక్క జంటగా మిగిలాయి. ఆ తరువాత రాలేదు. దారిలో వేట దీనికి ముఖ్య కారణమంటారు. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే డిజిటల్ కెమెరాలు మధ్యతరగతి చేతికి అందసాగాయి. ఫిల్ము ఖర్చు లేకపోవడంతో ఉద్యోగస్థులు, విద్యార్థులు, ఇల్లాళ్ళు పక్షుల వెంట పడ్డారు. ఇది సంతోషించవలసిన మార్పే. రాజుగారి ఆహ్వానం అక్కరలేకుండా టిక్కెట్టు కొని లోపలికి వెళ్ళగలగడం చిన్న విషయం కాదు. కానీ గూడు దగ్గర గుమిగూడడం, పక్షి ఎగిరే బొమ్మ కోసం దాన్ని అదిలించడం కూడా దాంతోపాటే వచ్చాయి. తుపాకీ పోయి కెమెరా వచ్చినా, లెక్క పెంచుకొనే ఆరాటం కొందరిలో ఆ రాతిపలక నాటిదే.

2004లో నీటి కోసం ఎగువన ఉన్న రైతులు ఉద్యమించడంతో పాంచనా డ్యాం నీళ్ళు ఘనాకు రాలేదు. మడుగులు ఎండిపోయాయి. వేరే దారుల్లో నీరు తేవడానికి ఏళ్ళు పట్టింది. ఆ రోజుల్లోనే మేలు చేసిన పని ఒకటి జరిగింది. లోపల వ్యాపించిన సర్కారు తుమ్మను వేళ్ళతో సహా పెకలించే పని చుట్టుపక్కల గ్రామాల వారికి అప్పగించి, ఆ కలప వారినే తీసుకుపొమ్మన్నారు. కలుపూ పోయింది, పొయ్యీ వెలిగింది.

భరత్‌పూర్‌లో గూళ్ళు కట్టే ఎర్రకాళ్ళ కొంగలే మన అనంతపురం ప్రాంతపు వీరాపురంలో ఊరి మధ్య చెట్ల మీద పిల్లల్ని పెంచుతాయి. అక్కడ రాతిగోడ లేదు. కొంగలు వస్తే ఊరికి మంచిదన్న నమ్మకమే వాటికి కాపలా. పెద్ద మడుగులకు గోడలు, చట్టాలు వద్దని నేననను. అవి లేకపోతే ఘనా ఏనాడో పొలమై ఉండేది. కానీ నీళ్ళలో దిగినవాడు, వల పన్నినవాడు, రిక్షా తొక్కినవాడు, గేదెలు కాచినవాడు, ఈ నలుగురినీ తీసేస్తే ఘనాలో పక్షిని చూసేవాడికి చూపే లేదు. ఆ పేర్లు కూడా ఎక్కడో ఒకచోట రాసిపెట్టడం చూసే కన్ను ఉన్నవారి బాధ్యత అనుకుంటాను.