డొమైన్ పేర్ల విక్రయం: సొమ్ము చేరకముందే పేరు చేజారకుండా

డొమైన్ పేరు అనగా అంతర్జాలంలో ఒక వెబ్‌సైటుకు ఉండే చిరునామా. పొలానికి సర్వే నంబరు ఎలాగో వెబ్‌సైటుకు ఈ పేరు అలాగ. ఒక పేరు ఒకరి వద్ద మాత్రమే ఉంటుంది. మన దేశపు ‘.ఇన్’ పేర్లను 2003లో ఏర్పడిన నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా పర్యవేక్షిస్తున్నది. 2005 నుంచి వీటి నమోదుకు అందరికీ అవకాశం కలిగింది. ధర్మాబాద్ మిర్చి వ్యాపారానికో, నాందేడ్ హజూర్ సాహిబ్ యాత్రికుల బసకో, సరిహద్దుకు ఆవలనున్న బాసర యాత్రకో తగిన పేరును ముందుగా నమోదు చేసుకొని, అవసరమైనవారికి అమ్మడం చదువుకున్న పిల్లలు ఇంటినుంచే చేయగల చిన్న వ్యాపారం. దీనికి పొలం అక్కరలేదు, దుకాణం అక్కరలేదు. మోసగాడికి కూడా అవేవీ అక్కరలేదు.

ఈ వ్యాపారంలోని అసలు చిక్కు వేగంలో ఉన్నది. పేర్లు నమోదు చేసే సంస్థను రిజిస్ట్రార్ అంటారు. అమ్మేవారు, కొనేవారు ఇద్దరికీ ఒకే రిజిస్ట్రార్ వద్ద ఖాతాలుంటే పేరు నిమిషాలలో చేతులు మారుతుంది. రిజిస్ట్రార్ మారవలసి వస్తే సాధారణంగా ఐదు రోజుల వరకు పడుతుంది. అప్పుడు కూడా బదిలీ కోడ్ ఇచ్చివేసిన తరువాత అమ్మినవారి చేతిలో మిగిలేది స్వల్పమే. సొమ్ము సంగతి ఇందుకు విరుద్ధం. ఖాతాలో కనిపించిన సొమ్మంతా నిలిచే సొమ్ము కాదు. క్రెడిట్ కార్డుతో చెల్లించినవాడు ఆ చెల్లింపు తనది కాదని నెలల తరువాత కూడా తన బ్యాంకుకు ఫిర్యాదు చేయవచ్చు. పేపాల్ ద్వారా చెల్లించినవారికి వివాదం లేవనెత్తడానికి 180 రోజుల గడువు ఉన్నది. (పేపాల్ మన దేశంలో దేశీయ చెల్లింపులను 2021 ఏప్రిల్‌లో నిలిపివేసింది, విదేశీ కొనుగోలుదారుల నుంచి సొమ్ము అందుకోవడానికి మాత్రమే ఇక్కడ ఉపయోగపడుతుంది.) పంపిన సరుకుకైతే లారీ రసీదు ఉంటుంది, పేరుకు అటువంటి రసీదు చూపడం కష్టం. కనుక వివాదం వచ్చినప్పుడు అమ్మినవారి వాదన బలహీనపడుతుంది.

చెక్కు విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. చెక్కు బ్యాంకులో వేయడం వేరు, దాని సొమ్ము వసూలు కావడం వేరు. చెల్లని చెక్కుపై నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను కింద చర్య తీసుకోవచ్చు. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజులలోగా లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి. నోటీసు అందుకున్నవానికి చెల్లించడానికి 15 రోజుల గడువు ఉంటుంది. అయితే చెక్కు ఇచ్చినవాడి చిరునామాయే కల్పితమైతే నోటీసు ఎవరికి పంపాలి? అంచేత వసూలు పూర్తయినదని శాఖలో నిర్ధారించుకున్న తరువాతే పేరు వదలడం మేలు.

దేశంలోపలి కొనుగోలుదారుల నుంచి నెఫ్ట్ లేదా ఆర్‌టీజీఎస్ ద్వారా నేరుగా ఖాతాకు సొమ్ము తెప్పించుకోవడం తక్కిన పద్ధతులకంటె భద్రమైనది. నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి రాత్రింబవళ్లు, సెలవు దినాలలో సైతం పనిచేస్తున్నాయి. కాబట్టి ‘ఈరోజు ఆదివారం, సొమ్ము రేపు కనిపిస్తుంది, పేరు మాత్రం ఇప్పుడే పంపండి’ అనేవానిని నమ్మనవసరం లేదు. ‘జమ అయినది’ అంటూ ఫోనుకు వచ్చే సందేశాన్ని, వాట్సాప్‌లో పంపిన రసీదు బొమ్మను ఆధారంగా తీసుకోరాదు. రెండింటినీ కల్పించడం సులభం. బ్యాంకు యాప్‌లోనో పాసుబుక్కులోనో నిల్వ పెరిగిందా అన్నదే చూడాలి. యూపీఐ పిన్ సొమ్ము పంపడానికే గాని అందుకోవడానికి కాదు. ‘డబ్బు పంపమని అడిగే’ యూపీఐ అభ్యర్థనలను వ్యక్తుల మధ్య 2025 అక్టోబరు నుంచి నిలిపివేశారు. అయినా ‘ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే మీకే సొమ్ము వస్తుంది’ అనే పాత మాట వినబడుతూనే ఉన్నది.

డొమైన్ అమ్మేవారికే ప్రత్యేకమైన వల మరొకటి ఉన్నది. కొనుగోలుదారు ఆశించినదానికి పదింతల ధర చెబుతాడు. బేరం కుదిరిన పిదప, పేరుకు ‘విలువ నిర్ధారణ పత్రం’ కావాలంటాడు. అది ఫలానా వెబ్‌సైటు ఇచ్చినదైతేనే చెల్లుతుందని, రుసుము తరువాత కలిపి ఇస్తానని నమ్మిస్తాడు. ఆ వెబ్‌సైటు అతనిదే. రుసుము చెల్లించిన మరునాటినుంచి జవాబు ఉండదు. అమ్మేవారు చేతినుంచి సొమ్ము పెట్టుకోవలసిన బేరం ఏదైనా సరే, అక్కడే ఆగిపోవడం ఉత్తమం.

పెద్ద మొత్తాలకు ఎస్క్రో పద్ధతి ఉన్నది. ఇది ఊళ్లో పెద్దమనిషి చేతిలో సొమ్ము ఉంచడం వంటిదే. కొనేవాడు సొమ్మును మధ్యవర్తి సంస్థకు కడతాడు. సొమ్ము అందినదని సంస్థ తెలిపిన తరువాత అమ్మేవారు పేరు బదిలీ చేస్తారు. పేరు చేరినట్లు తేలగానే సంస్థ రుసుము మినహాయించుకొని సొమ్ము విడుదల చేస్తుంది. 1999లో అమెరికాలో మొదలైన ఎస్క్రో.కామ్ ఇందులో పేరున్నది. చిక్కల్లా ఏమిటంటే, మోసగాళ్లు అచ్చం అలాగే కనిపించే నకిలీ మధ్యవర్తి సైట్లను కూడా నిర్మిస్తారు. అవతలివాడు పంపిన లంకెను నొక్కక, చిరునామాను స్వయంగా టైపు చేసి, ఖాతాలోకి వెళ్లి, సొమ్ము అందినట్లు అక్కడ ఉన్నదో లేదో చూసుకోవాలి. ఈమెయిలులో వచ్చిన ‘సొమ్ము అందినది’ అనే మాట చాలదు.

కుటుంబాలు అంతగా ఎరుగని ప్రమాదం ఇంకొకటి. కొన్నవాడు నిజంగానే చెల్లిస్తాడు. కాని ఆ సొమ్ము వేరొకరి నుంచి దోచినది. దోపిడి సొమ్ము ఎంత వేగంగా చెదిరిపోతుందో నాందేడ్‌వాసులకు తెలియనిది కాదు: 2021 జనవరిలో శంకర్ నాగరి సహకారి బ్యాంకుకు చెందిన 14 కోట్లకు పైగా రూపాయలను సైబర్ నేరగాళ్లు ఇతర రాష్ట్రాలలోని అనేక ఖాతాలకు మళ్లించారు. అటువంటి సొమ్ము వెళ్లిన ప్రతి ఖాతానూ పోలీసులు స్తంభింపజేయగలరు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 106వ సెక్షను వారికి ఆ అధికారం ఇస్తున్నది. పత్తి అమ్మిన సొమ్ము, పెళ్లి ఖర్చుకు దాచిన సొమ్ము అదే ఖాతాలో ఉంటే ఇల్లంతా ఇబ్బందిపడుతుంది. అందుచేత ఇటువంటి అమ్మకాలకు వేరే ఖాతా ఉంచుకోవడం, బేరమాడినవాని పేరు, చెల్లించినవాని పేరు ఒకటేనా అని చూడడం, ధర, తేదీలతో చిన్న ఒప్పంద పత్రం రాసుకోవడం అవసరం. ఖాతా నిలిచిపోయినప్పుడు ఆ పత్రమే అక్కరకు వస్తుంది.

పేరు తమదేనని నిరూపించమని కొనేవారు అడగడం న్యాయమే. అందుకు పాస్‌వర్డు గాని ఓటీపీ గాని ఇవ్వనక్కరలేదు. ఆ పేరుతో ఉన్న సైటులో ఒక చిన్న వాక్యం తాత్కాలికంగా ఉంచి చూపితే సరిపోతుంది. ఇక పేరు ఎవరి ఈమెయిలుతో నమోదైనదన్నది ముందే చూసుకోవలసిన సంగతి. సైటు తయారుచేసిన కుర్రవాడి ఈమెయిలు మీద ఉన్నట్లయితే పేరు అతని చేతిలో ఉన్నట్లే.

ఒకసారి పోయిన పేరును రాబట్టడం ఎంత దీర్ఘకాలిక వ్యవహారమో అమెరికాలోని గ్యారీ క్రెమెన్ ఉదంతం చూపుతుంది. 1995లో స్టీఫెన్ కోహెన్ అనే వ్యక్తి ఒక కల్పిత లేఖతో క్రెమెన్ పేరిటనున్న విలువైన డొమైన్‌ను తన వశం చేసుకున్నాడు. కోర్టు దానిని 2000లో తిరిగి ఇప్పించింది, 2001లో ఆరున్నర కోట్ల డాలర్లు చెల్లించాలని ఆదేశించింది. కోహెన్ దేశం విడిచి పారిపోయాడు. మన దేశంలో, హైదరాబాదు సత్యం సంస్థకు అనుబంధమైన సత్యం ఇన్ఫోవే వేసిన కేసులో సుప్రీంకోర్టు 2004లో డొమైన్ పేరుకు ట్రేడ్‌మార్కు వంటి రక్షణ ఉంటుందని తీర్పు చెప్పింది. ఆ తీర్పు రెండువైపులా పదునైనది: ఇతర సంస్థల పేర్లను పోలిన డొమైన్లు నమోదు చేసి అమ్మజూపేవారు తామే ప్రతివాదులు కావచ్చు.

మోసం జరిగినట్లు తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. మహారాష్ట్రలోనూ తెలంగాణలోనూ ఇదే నంబరు. సొమ్ము ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగా ఆపించడమే దీని ప్రయోజనం గనుక గంటలు విలువైనవి. కేంద్ర ప్రభుత్వపు సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. దెగ్లూరు, బిలోలి, కిన్వట్ ప్రాంతాలవారికి ‘ఇది తెలంగాణలో జరిగింది, అక్కడికే వెళ్లండి’ అనే జవాబు ఎదురుకావచ్చు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చు. దీనినే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. మారుపేరుతో కంప్యూటరు ద్వారా మోసగించినవానికి ఐటీ చట్టం 66డి సెక్షను కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

అదే రోజున రిజిస్ట్రార్‌కు కూడా ఈమెయిలు పంపి, బదిలీ వివాదంలో ఉన్నదని తెలిపి, పేరును తాళం వేయవలసిందిగా కోరాలి. ఫిర్యాదు సంఖ్య, చెల్లింపు యూటీఆర్ సంఖ్య, కొనుగోలుదారుతో జరిగిన సంభాషణల ప్రతులు దానికి జతచేయాలి. పేరు మరో రిజిస్ట్రార్‌కు, ఆపై మరొకరికి మారకముందే ఆ ఈమెయిలు చేరాలి.