చేతితో చేసిన శుభాకాంక్షల కార్డులు

చేతితో చేసిన శుభాకాంక్షల కార్డు అనగా అచ్చుయంత్రంపై వేల సంఖ్యలో ముద్రించక, ఒక్కొక్కటిగా చేతితో కత్తిరించి, ముద్ర వేసి, అతికించి తయారు చేసే కార్డు. నూతన సంవత్సరం, సంక్రాంతి, ఉగాది, క్రిస్మస్, రంజాన్ వంటి పండుగలకు, పుట్టినరోజులకు, వివాహాలకు వీటిని పంపుతారు. వీటి తయారీలో ప్రధానమైన పద్ధతులు మూడు. ఇంకుతో ముద్ర వేయడాన్ని స్టాంపింగ్ అని, కాగితంపై ఆకృతిని ఉబ్బెత్తుగా తేల్చడాన్ని ఎంబాసింగ్ అని, ఉక్కు అచ్చుతో కాగితాన్ని ఒకే ఒత్తిడిలో నిర్ణీత ఆకారానికి కోయడాన్ని డై కటింగ్ అని అంటారు.

సికింద్రాబాదు, హైదరాబాదు జంటనగరాలలో ఈ మూడు పద్ధతులూ శుభలేఖల తయారీలో చాలాకాలంగా వాడుకలో ఉన్నవే. ఇంట్లో అభిరుచిగా చేసే పనికి, ముద్రణాలయంలో జీవనోపాధిగా చేసే పనికి సూత్రం ఒకటే. పరిమాణంలోను, పనిముట్లలోను, కష్టానికి వెల కట్టే తీరులోను మాత్రమే తేడా ఉన్నది.

పదాల వివరణ

తెలుగులో స్టాంపు అనే మాట తపాలా బిళ్ళకు, కార్యాలయాలలో వాడే రబ్బరు ముద్రకు కూడా వాడుకలో ఉన్నది. ఈ వ్యాసంలో ఆ మాటకు ముద్ర వేసే సాధనమనే అర్థం. డై అనగా ఉక్కుతో చేసిన కోత అచ్చు. కలంకారీ వంటి అద్దకపు పనిలో వాడే చెక్క దిమ్మెలను కూడా అచ్చులనే అంటారు. అయితే అవి రంగు అద్దుతాయి కాని కోయవు.

చరిత్ర

ముద్ర వేయడం, ఉబ్బెత్తుగా తేల్చడం కార్డుల కంటే ఎంతో పాతవి. సింధులోయ నాగరికతకు చెందిన ముద్రికలపై బొమ్మను లోతుగా చెక్కేవారు. దానిని తడిమట్టిపై ఒత్తినప్పుడు బొమ్మ పైకి తేలేది. తెలుగుదేశంలో వేంగి చాళుక్యుల తామ్రశాసనాలకు తగిలించిన గుండ్రని రాజముద్రలపై వరాహ లాంఛనం ఉబ్బెత్తుగా కనిపిస్తుంది.

కాగితంపై ఎంబాసింగ్‌కు భారతదేశపు తపాలా చరిత్రలో ఒక ప్రసిద్ధ ఉదాహరణ కలదు. 1852లో సింధు రాష్ట్రంలో విడుదలైన సిండే డాక్ తపాలా బిళ్ళలు ఆసియాలోనే మొదటి అతికించే తపాలా బిళ్ళలుగా పేరు పొందాయి. వీటిలో ఒక రకంపై రంగు లేకుండా తెల్ల కాగితాన్ని మాత్రమే ఉబ్బెత్తుగా ఒత్తారు. తక్కువ వెలుతురులో అది సరిగా కనిపించకపోవడంతో నీలిరంగులో మరొక రకం తెచ్చారు. రంగు లేని ఎంబాసింగ్ కేవలం నీడ వలననే కనిపిస్తుందనే విషయం నేటి కార్డుల తయారీదారులకు కూడా ఉపయోగపడుతుంది.

ఇంగ్లండులో 1840లో తక్కువ ధర తపాలా విధానం ప్రారంభమైన తరువాత కార్డులు పంపడం సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. 1843లో హెన్రీ కోల్ కోరికపై జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ చిత్రించిన కార్డును వ్యాపారరీత్యా ముద్రితమైన తొలి క్రిస్మస్ కార్డుగా పరిగణిస్తారు. అమెరికాలోని వూస్టర్ నగరంలో ఎస్తర్ హౌలాండ్ అనే మహిళ 1840ల చివర కాగితపు లేసు, ఎంబాసింగ్ చేసిన కాగితం, కత్తిరించిన బొమ్మలతో వాలెంటైన్ కార్డులు తయారు చేయించింది. ఒకరు కత్తిరించగా మరొకరు అతికించే విధంగా ఆమె పనిని పంచింది. 1844లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గట్టిపరచే విధానానికి పేటెంటు పొందగా, 1860లలో రబ్బరు స్టాంపులు వాడుకలోకి వచ్చాయి.

భారతదేశానికి క్రిస్మస్ కార్డుల అలవాటు బ్రిటిష్ పాలనతో వచ్చింది. సికందర్ జా పేరు మీదుగా 1806లో పేరు పొందిన సికింద్రాబాదు బ్రిటిష్ సైన్యానికి కంటోన్మెంటుగా పెరిగింది. నిజాం రాజ్యానికి 1869 నుండి సొంత తపాలా బిళ్ళలుండేవి. ఆ తపాలా వ్యవస్థ 1950లో భారత తపాలా శాఖలో విలీనమైనది. స్వాతంత్ర్యానంతరం ముద్రిత కార్డుల వ్యాపారం విస్తరించింది. ఢిల్లీలో ఆర్చీస్ సంస్థ, బొంబాయిలో పిల్లల హక్కుల కోసం క్రై సంస్థ 1979లోనే ఏర్పడ్డాయి. క్రై కార్డుల అమ్మకం ద్వారా నిధులు సేకరించింది. మొబైల్ ఫోను సందేశాలు వ్యాపించిన తరువాత ముద్రిత కార్డుల వాడకం బాగా తగ్గింది. దానితో చేతితో చేసిన కార్డు ప్రత్యేక వస్తువుగా నిలిచింది.

కాగితం

కార్డు నిలబడడానికి చదరపు మీటరుకు 200 నుండి 300 గ్రాముల బరువు గల మందపాటి కాగితం అనువైనది. యంత్రంపై చేసిన కాగితంలో నార ఎక్కువగా ఒకే దిశలో ఉంటుంది. ఆ దిశలో మడిస్తే మడత శుభ్రంగా వస్తుంది, అడ్డంగా మడిస్తే పగుళ్ళు కనిపిస్తాయి. దిశ తెలుసుకోవడానికి కాగితాన్ని మడవకుండా రెండు వైపులా వంచి చూడాలి. తేలికగా వంగిన వైపే మడత వేయాలి.

నూలు గుడ్డ పీలికలతో చేసిన చేతి కాగితంలో నార అన్ని దిశలలో కలిసి ఉండడం వలన ఈ ఇబ్బంది తక్కువ. అది మెత్తగా ఉండి ఎంబాసింగ్‌ను చక్కగా నిలుపుకుంటుంది. అయితే దాని గరుకు ఉపరితలంపై సన్నని గీతల స్టాంపు సరిగా పడదు. ఈ పరిశ్రమ పునరుద్ధరణకు 1934లో గాంధీజీ ప్రోత్సాహంతో వార్ధాలో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం, దానిని నడిపిన జె.సి.కుమారప్ప కృషి చేశారు. కుమారప్ప పేరుతో జైపూర్ సమీపంలోని సాంగనేర్‌లో చేతి కాగితపు సంస్థ ఉన్నది.

స్టాంపింగ్

స్టాంపులు రబ్బరు, పారదర్శకమైన పాలిమర్, చెక్క అనే మూడు రకాలు. పాలిమర్ స్టాంపు గుండా కింది కాగితం కనిపిస్తుంది కనుక ముద్రను కోరిన చోట వేయవచ్చును. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అద్దకానికి వాడే టేకు అచ్చులతో కూడా కార్డులపై లతలు, అంచులు వేయవచ్చును. అయితే చెక్క అచ్చుకు గుడ్డ మెత్తదనం అలవాటు. కాగితం కింద కంబళి ముక్క లేదా నాలుగైదు వార్తాపత్రికలు పరచినప్పుడే ముద్ర పూర్తిగా పడుతుంది.

రంగును ప్యాడ్ నుండి స్టాంపుకు మృదువుగా తట్టి అంటించాలి. గట్టిగా అదిమితే గీతల మధ్య రంగు చేరి ముద్ర మసకబారుతుంది. కాగితంపై ఒత్తేటప్పుడు స్టాంపును ఊపరాదు.

ఎంబాసింగ్

ఇందులో రెండు విధాలున్నాయి.

మొదటిది ఒత్తిడితో చేసేది. లోహపు లేదా ప్లాస్టిక్ స్టెన్సిల్‌ను కాగితం కింద ఉంచి, వెనుకవైపు నుండి మొండి మొన గల సాధనంతో అంచుల వెంట రుద్దుతారు. ఇంకు అయిపోయిన బాల్‌పెన్ ఇందుకు సరిపోతుంది. వెనుక నుండి చేసే పని కనుక అక్షరాలను కుడియెడమలుగా తిప్పి ఉంచాలి. అంధులు పలక, ములుకు సహాయంతో బ్రెయిల్ లిపిని కుడి నుండి ఎడమకు వ్రాయడానికి కారణం కూడా ఇదే. లూయీ బ్రెయిల్ 1829లో ప్రచురించిన విధానాన్ని భారతీయ భాషలకు అనుసంధించి 1951లో భారతి బ్రెయిల్‌గా స్థిరపరచారు. అందులో తెలుగు కూడా ఉన్నది. కార్డుపై అలంకారంతో పాటు బ్రెయిల్ చుక్కలలో సందేశం ఒత్తితే చూపు లేని వారు కూడా దానిని స్వయంగా చదువుకోగలరు.

రెండవది వేడితో చేసేది. నెమ్మదిగా ఆరే పిగ్మెంటు ఇంకుతో ముద్ర వేసి, అది తడిగా ఉండగానే వేడికి కరిగే సన్నని పొడిని చల్లుతారు. అదనపు పొడిని కాగితం వంచి తిరిగి సీసాలోకి దులిపి, హీట్ గన్ వేడిగాలితో కరిగిస్తారు. పొడి కరిగి మెరుస్తూ ఉబ్బెత్తు గీతగా గట్టిపడుతుంది. జుట్టు ఆరబెట్టే యంత్రం ఇందుకు పనికిరాదు, దాని గాలి వేగం ఎక్కువ, వేడి తక్కువ కనుక పొడి ఎగిరిపోతుంది. శుభలేఖలపై తాకితే తగిలే బంగారు అక్షరాలలో కొన్నింటిని ముద్రణాలయాలు ఇదే సూత్రంపై, థెర్మోగ్రఫీ అనే పద్ధతిలో చేస్తాయి.

వాతావరణ ప్రభావం ఈ పనిపై ఎక్కువ. దక్కను ఎండాకాలంలో ఇంకు త్వరగా ఆరిపోతుంది కనుక ముద్ర వేసిన వెంటనే పొడి చల్లాలి. వానాకాలంలో కాగితం తేమ పీల్చుకొని అక్కరలేని చోట కూడా పొడిని పట్టుకుంటుంది. ముందుగా కాగితంపై టాల్కం పౌడరు మూటతో పలుచగా అద్ది తుడిస్తే ఈ దోషం తగ్గుతుంది.

డై కటింగ్

ముద్రణాలయాలలో వాడే డైని ప్లైవుడ్ పలకలో సన్నని కోత కోసి, అందులో వంచిన ఉక్కు పట్టీలను బిగించి తయారు చేస్తారు. పదునైన పట్టీ కాగితాన్ని కోస్తుంది, మొద్దు పట్టీ మడత గీత వేస్తుంది. కోసిన కాగితం పట్టీల మధ్య ఇరుక్కోకుండా పక్కన రబ్బరు ముక్కలు అతికిస్తారు. ఇంటి పనికి పలుచని ఉక్కు డైలను వాడతారు. వీటిని కాగితంతో సహా రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంచి, చేతితో తిప్పే రోలరు యంత్రం గుండా పంపుతారు. కంప్యూటరు ఆధారంగా కత్తి నడిచే ఇంటి యంత్రాలు కూడా ఉన్నాయి. వీటిలో పేరొందిన క్రికట్ అమెరికాలో విడుదలైనది. యంత్రం లేని వారు పంచ్‌లు, కత్తెర, పేపర్ కట్టర్‌తో ఇదే పని చేయవచ్చును.

తయారీ క్రమం

ముందుగా కొలత ప్రకారం కార్డును కోసి, మడత గీత వేయాలి. తరువాత వేరే కాగితంపై ముద్ర వేసి, వేడి ఎంబాసింగ్ చేయాలి. అది చల్లారిన పిమ్మట డైతో ఆకారం కోయాలి. ఒత్తిడి ఎంబాసింగ్‌ను చివరగా చేయాలి, ముందే చేస్తే రోలరు కింద ఉబ్బు అణగిపోతుంది. తుదకు ముక్కలను అతికించి, లోపలి సందేశం చేతితో వ్రాయాలి.

తెలుగు అక్షరాలతో సమస్య

విదేశీ స్టాంపులలో అధికం రోమన్ లిపి కోసం తయారైనవి. తెలుగు అక్షరాలలో వత్తులు చిన్నవి, గుండ్రని లోపలి ఖాళీలు ఎక్కువ. అక్షరం చిన్నదైతే వేడి ఎంబాసింగ్ పొడి కరిగి ఆ ఖాళీలను పూడ్చివేస్తుంది. అప్పుడు 'ష'కు, 'ప'కు తేడా చూపే గీత కూడా కనబడదు. డై కటింగ్‌లో మరొక చిక్కు ఉన్నది. తలకట్టు, వత్తు విడిగా ఉన్న అక్షరాలను కోసినప్పుడు అవి ముక్కలుగా ఊడిపోతాయి. కనుక భాగాలను సన్నని వంతెనలతో కలిపి గీయాలి, లేదా పదమంతటికీ వెనుక ఒక పట్టీ ఉంచాలి. 'శుభాకాంక్షలు' అనే మాటలోని 'క్ష' ఇందుకు మంచి పరీక్ష. తెలుగులో కార్డు కావలసిన వారు స్టాంపు తయారీదారుకు పెద్ద అక్షరాలతో, మందపు గీతలతో నమూనా ఇవ్వడం ఉత్తమం.

జంటనగరాలలో

హైదరాబాదు పాతబస్తీలోని చత్తాబజారు శుభలేఖల తయారీకి, ఉర్దూ నగీషీ వ్రాతకు ప్రసిద్ధి చెందినది. 1990లలో ఉర్దూ కంప్యూటర్ లిపులు వ్యాపించిన తరువాత అక్కడి కాతిబుల పని తగ్గింది. తరువాతి కాలంలో ఫోనులో పంపే ఆహ్వానాలు శుభలేఖల సంఖ్యను కూడా తగ్గించాయి. అయినా తెలుగువారి ఇళ్ళలో యంత్రంపై ముద్రించిన శుభలేఖకు సైతం నాలుగు మూలలా పసుపు రాసి, పెద్దలకు స్వయంగా చేతికి ఇచ్చే ఆచారం నిలిచి ఉన్నది.

సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ నేడు మేధో వైకల్యం గల వ్యక్తుల సాధికారత సంస్థగా పేరు మార్చుకొని పనిచేస్తున్నది. మేధో వైకల్యం గల వారికి పనిని చిన్న చిన్న అంచెలుగా విడగొట్టి నేర్పడం ప్రత్యేక విద్యలో స్థిరపడిన పద్ధతి. కార్డుల తయారీ ఈ పద్ధతికి బాగా సరిపోతుంది. మడవడం, ముద్ర వేయడం, రోలరు తిప్పడం, అతికించడం వేరువేరు పనులు. ఒక్కొక్కరు తమకు చేతనైన అంచెను నేర్చుకొని పూర్తి వస్తువులో భాగస్వాములు కాగలరు.

వెల, కష్టం

చేతి కార్డు వెలలో సామగ్రి కంటే సమయం పాలు ఎక్కువ. ఉదాహరణకు సామగ్రికి 25 రూపాయలు, తయారీకి 45 నిమిషాలు పట్టిందనుకుందాం. గంటకు 80 రూపాయల కూలి లెక్కిస్తే కష్టం విలువ 60 రూపాయలు, కార్డు వెల 85 రూపాయలు కావాలి. దానిని 50 రూపాయలకు అమ్మితే చేసినవారికి మిగిలేది 25 రూపాయలు, అనగా గంటకు సుమారు 33 రూపాయలు మాత్రమే. గృహిణులు, వికలాంగులు చేసిన వస్తువులలో ఈ లోటు తరచుగా ఎవరి కంటా పడదు. కొనేవారు దయతో కొన్నామని భావించినా, నష్టం చేసినవారిదే అవుతుంది. ఒకేసారి ఇరవై కార్డులు అంచెలవారీగా చేస్తే ఒక్కొక్కదానికి పట్టే సమయం తగ్గుతుంది. ఆ ఆదా కూలిని పెంచడానికి వినియోగపడాలి.

తపాలాలో పంపడం

సాధారణ ఉత్తరానికి మొదటి మెట్టు 20 గ్రాములు. 250 గ్రాముల రకపు ఏ4 కాగితం ఒకటి సుమారు 15.6 గ్రాములు తూగుతుంది. దానిని సగానికి కోసి మడిచిన చిన్న కార్డు 7.8 గ్రాములే కనుక అలంకారానికి, కవరుకు చోటు మిగులుతుంది. పూర్తి ఏ4 కాగితంతో చేసిన కార్డు కవరుతో కలిపి హద్దు దాటే అవకాశమున్నది. ఉబ్బెత్తు భాగం నలగకుండా కవరులో ఒక గట్టి అట్టముక్క ఉంచడం మంచిది. దాని బరువును కూడా కలిపి తూచి, సరిపడిన తపాలా బిళ్ళలు అతికించాలి.

జాగ్రత్తలు

హీట్ గన్ మొన పని ముగిసిన తరువాత కూడా కొంతసేపు చర్మాన్ని కాల్చగలదు. పిల్లలు పెద్దల సమక్షంలోనే వాడాలి. పేపర్ కట్టర్‌తో కోసేటప్పుడు ఉక్కు స్కేలు వాడి, వేళ్ళను కోత దారికి దూరంగా ఉంచాలి. ముద్రణాలయాలలోని డై కటింగ్ యంత్రాలు తెరచి మూసుకొనే దవడల వంటివి. నడుస్తున్న యంత్రంలో కాగితం సరిచేయబోయి వేళ్ళు నలిగే ప్రమాదమున్నది కనుక, యంత్రాన్ని పూర్తిగా ఆపిన తరువాతనే చేయి పెట్టాలి.