ఫార్మాట్ కొట్టే ముందుగాల ఈ ముచ్చట్లు చూడుండ్రి

ఇంట్ల కంప్యూటర్ ఊకె బందైతున్నదంటె మన ఊర్లల్ల రెండే మందులు చెప్తరు. యాంటీవైరస్ తీసెయ్, లేకుంటె ఫార్మాట్ కొట్టెయ్. మొదటిదానికి ఖర్చు లేదు. రెండోదానికి దుకాణపాయన అయిదొందలో వెయ్యో తీసుకుంటడు. పైసలు పోతె పోయినయ్ గని, దాంతోని స్కాన్ జేసి పెట్టుకున్న మెమోలు, పెండ్లి ఫొటోలు, పరీక్షల కోసం ఏండ్లకేండ్లు కూడవెట్టిన నోట్సు సుత పోతయ్. నెల తిరిగినంక మళ్ల అదే రోగం వస్తె ఇగ ఎవ్వరిని అడుగుతం?

అసలు ఎందుకు బందైతున్నదో ముందుగాల చూడాలె. విండోస్ దాని లెక్క అది రాసి పెట్టుకుంటది. స్టార్ట్‌ల ‘రిలయబిలిటీ’ అని కొడితె ‘వ్యూ రిలయబిలిటీ హిస్టరీ’ అని వస్తది. తెరిస్తె తారీఖుల వారీగ ఒక గీత, దాని కింద ఎర్ర గుర్తులు కనబడ్తయ్. గుర్తు మీద నొక్కితె ఆ దినం ఏ ప్రోగ్రామ్ కూలింది, ఏ అప్డేట్ ఎక్కింది అన్నీ ఉంటయ్. మొదటి ఎర్ర గుర్తు ఏ దినం వడ్డది, దానికి ఒకటి రెండు దినాల ముందు మనం ఏం ఎక్కిచ్చినం అని పక్కపక్కన పెట్టి చూస్తె చానసార్లు జాడ దొరుకుతది.

ఆగిపోవుట్ల సుత తేడా ఉన్నది. నీలం తెర వచ్చి (కొత్త విండోస్ 11ల అది నల్లగైంది) మళ్ల మొదలైతె, ఆ తెర మీద స్టాప్ కోడ్ అని ఒకటి ఉంటది. ఫోన్ల ఫొటో తీసుకోవాలె. దాన్ని వెతికితె డ్రైవరా, ర్యామా, డిస్కా అని కొంత అర్థమైతది. ఏ తెరా లేకుండ కటుక్కున ఆరిపోతె మాత్రం కరెంటు మీద, వేడి మీద అనుమానం పెట్టుకోవాలె. ఫ్యాన్ల దుమ్ము పేరుకునుడు, వోల్టేజి ఎక్కువ తక్కువ అవుడు, పాత పవర్ సప్లై. ఈవెంట్ వ్యూయర్‌ల ‘కెర్నల్ పవర్ 41’ అని కనబడితె దాన్ని వైరస్ అనుకోవద్దు. సక్కగ షట్‌డౌన్ కాకుండ ఆగింది అని మాత్రమే దానర్థం.

ఇగ యాంటీవైరస్ కాడికొద్దాం. ఇది మామూలు ప్రోగ్రామ్ తీరు పైపైన ఉండది. విండోస్ లోపట, కెర్నల్ దాంక పోయి కూసుంటది. ఏ ఫైల్ తెరిచినా ముందుగాల అదే చూస్తది. అందుకే ఒకే ఇంటికి ఇద్దరు కాపలోళ్లను పెడితె ఒకన్ని ఒకడు ఆపుకుంటరు. మిషన్ నెమ్మదైతది, బిగుసుకపోతది. విండోస్ 10, 11లల్ల డిఫెండర్ ముందే ఉంటది. వేరే యాంటీవైరస్ ఎక్కిస్తె అది దానంతట అదే పక్కకు జరుగుతది. కొన్నప్పుడు వచ్చిన ట్రయల్ గడువు అయిపోయి ఒకటి, ఫ్రీ అని దింపుకున్నది ఇంకోటి, తీసేసినా సగం మిగిలినది మరోటి ఉంటెనే లొల్లి. సెట్టింగ్స్‌ల యాప్స్‌కు పోయి అన్నీ తీసెయ్యుండ్రి. మిగిలిన ముక్కలకు ఆ కంపెనీలే రిమూవల్ టూల్ ఇస్తయ్. రీస్టార్ట్ జేసినంక విండోస్ సెక్యూరిటీ తెరిచి డిఫెండర్ నడుస్తున్నదా లేదా చూడాలె.

మరి కాపలోడే ఇల్లు కూలగొట్టుడు ఉండదా? ఉంటది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క అప్డేట్‌ల తప్పు వడి, దునియా మొత్తం మీద సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర ఎత్తినయ్. శంషాబాద్ ఎయిర్‌పోర్టుల బోర్డింగ్ పాసులు చేతితోని రాసిచ్చిన్రు. అప్పుడు మందు ఫార్మాట్ కాదు. సేఫ్ మోడ్‌ల పోయి ఆ ఒక్క ఫైల్ తీసేసుడే.

ఇంట్ల సుత అదే పరీక్ష పనికొస్తది. షిఫ్ట్ పట్టుకోని రీస్టార్ట్ నొక్కాలె. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, ఆ తర్వాత 4. కొన్ని మిషన్లు ఈడ బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతయ్. చానమట్టుకు అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌ల ఉంటది, ముందే రాసి పెట్టుకోండ్రి. సేఫ్ మోడ్‌ల గంటలకొద్ది మంచిగ నడిస్తె తప్పు డ్రైవర్లదో, ఎక్కిచ్చిన సాఫ్ట్‌వేర్‌దో అయి ఉంటది. అక్కడ సుత కూలితె ర్యామ్, డిస్క్, వేడి చూడాలె. విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని లోపట్నే ఉన్నది, ర్యామ్‌ను అదే పరీక్షిస్తది. ఒక్కసారి ఒక్కటే మార్చాలె. నాలుగు కలిపి మార్చినంక బాగైతె ఏది పనిజేసిందో ఎట్ల తెలుస్తది?

నా లెక్కల అన్నిటికన్న పెద్ద గండి ఎక్స్‌క్లూజన్స్. ఫొటోల సాఫ్ట్‌వేర్‌కో తెలుగు టైపింగ్‌కో క్రాక్ దింపుతం. ‘యాంటీవైరస్ బందు వెట్టి ఎక్కియ్యి’ అని దాంట్లనే రాసుంటది. ఇంటి తాళం తీసిపెట్టు, నేనొస్త అన్నట్టే. డిఫెండర్‌ను బందు వెడితె కొంతసేపటికి మళ్ల అదే లేస్తది. అందుకని కొన్ని క్రాకులు తమను చూడొద్దని ఎక్స్‌క్లూజన్స్‌ల రాసిపోతయ్. విండోస్ సెక్యూరిటీ, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, మేనేజ్ సెట్టింగ్స్, అడుగున ఎక్స్‌క్లూజన్స్ చూడుండ్రి. సీ డ్రైవ్ మొత్తం ఆడ ఉంటె ఎంటనే తీసెయ్యాలె. ట్యాంపర్ ప్రొటెక్షన్ ఆన్‌ల ఉండాలె. ఇంటి కంప్యూటర్‌ల ‘ఈ సెట్టింగ్స్ మీ సంస్థ చేతిల ఉన్నయ్’ అని ఇంగ్లిష్‌ల కనబడితె, ఏదో ఒకటి లోపట చెయ్యి వెట్టిందని అనుమానించాలె. అప్పుడు స్కాన్ ఆప్షన్స్‌ల ఆఫ్‌లైన్ స్కాన్ కొట్టుండ్రి. రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగ లేవకముందే వెతుకుతది. పావుగంట వట్టొచ్చు.

తెర నిండ ఎర్రగ వచ్చి ‘వైరస్ వడ్డది, ఈ నంబర్‌కు ఫోన్ జెయ్యి’ అంటె అది మోసమే. మైక్రోసాఫ్ట్ హెచ్చరికలల్ల ఫోన్ నంబర్ ఉండది. ఫోన్ జేసి పైసలు పోగొట్టుకుంటె ఎంటనే 1930కి చెప్పాలె.

అన్నీ అయినంక సుత ఫార్మాట్ తప్పదంటె, డెస్క్‌టాప్ మీద పెట్టినయన్నీ సీ డ్రైవ్‌లనే ఉంటయని యాదికి పెట్టుకోండ్రి. వేరే డిస్క్‌లకు కాపీ జేసి, ఆ కాపీ ఇంకో కంప్యూటర్‌ల తెరుచుకుంటున్నదా చూసినంకనే దుకాణానికి పోవాలె. ‘రీసెట్ దిస్ పీసీ’ల ‘కీప్ మై ఫైల్స్’ అని ఒకటున్నది, దాంతోని ప్రోగ్రాములు పోతయ్ గని ఫైళ్లు ఉంటయ్. ఆ పని ఇంట్లనే చేసుకోవచ్చు.