బీచుపల్లి రేవున రాయి, మన్ను, ఇనుము

హైదరాబాదునుండి కర్నూలునకు పోవు జాతీయ రహదారి కొత్తకోటను, పెబ్బేరును దాటి దక్షిణముగా సాగి, కృష్ణానదిని సుదీర్ఘమైన వంతెనమీదుగా అతిక్రమించి, ఆవలి గట్టున బీచుపల్లి ఆంజనేయస్వామి సన్నిధిని చేరును. ఈ స్వామిని మాధ్వయతి వ్యాసరాయలవారు ప్రతిష్ఠించిరనియు, మరునాటి యుదయమున తొలుత కంటబడినవానికే అర్చకత్వమును నిర్ణయించిరనియు, అట్లు కంటబడిన బీచుపల్లి యను బోయబాలుని పేరే ఊరిపేరై నిలిచినదనియు స్థలపురాణము చెప్పును. క్షేత్రమాహాత్మ్యమును వర్ణించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము కాదు. ఈ రేవునకు ఇరువైపులనున్న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలలో కట్టడపు పని ఏయే పదార్థములతో, ఎవరెవరి చేతులమీదుగా, ఏయే మాటలతో నడచినదో, ఇనుము వచ్చి ఆ పనిని ఎట్లు మార్చినదో పరిశీలించుటయే ఇచ్చటి ప్రయత్నము.

వంతెన లేని దినములలో నదిని జనులు పుట్టిమీద దాటెడివారు. వెదురుబద్దలతో బుట్టవలె అల్లి, అడుగున తోలు బిగించిన ఆ గుండ్రని నావ మనుషులను, ధాన్యపుబస్తాలను, మేకలను చేరవేయగలదు గాని, నిండుదూలమును గాని రాతిస్తంభమును గాని మోయజాలదు. కావున ఏ గట్టుననున్న యిల్లు ఆ గట్టు రాతితో, ఆ గట్టు మట్టితో, ఆ గట్టు మ్రానితో లేచుట సహజమయ్యెను. కట్టడపు పలుకుబడి సైతము ఈ మూడింటి చుట్టునే పెరిగెను.

వీనిలో రాతివిద్యకు పరాకాష్ఠ బీచుపల్లికి ఆగ్నేయమున, తుంగభద్ర యొడ్డున నున్న అలంపురము. బాదామి చాళుక్యుల కాలమున, క్రీ.శ. 7, 8 శతాబ్దులలో వెలసిన నవబ్రహ్మాలయములను కేవలము శిల్పసౌందర్యముకొరకు చూచువారికి వానిలోని నిర్మాణతర్కము కానరాదు. రాయి ఎంత బరువునైనను తలమీద మోయును గాని, వంగదీయు బలమును సహింపదు. రెండు స్తంభములపై పరచిన రాతిదూలము మితిమీరి పొడవైనచో తన బరువుచేతనే అడుగుభాగమున చీలి విరుగును. ఆలయమండపములలో స్తంభములు దగ్గరదగ్గరగా నిలుచుట శోభకొరకు మాత్రమే కాదు, రాతి స్వభావమునకు లోబడుటవలన కూడ. శిల్పశాస్త్రము విమానమునకు అధిష్ఠానము, పాదము, ప్రస్తరము, కంఠము, శిఖరము, స్తూపి యని ఆరంగములను చెప్పినది. అలంపురపు శిఖరములు ఉత్తరాది నాగరరీతివే యైనను, అచ్చటను సూత్రమొక్కటియే: పై యంగపు బరువు క్రింది యంగముమీదికి, దాని బరువు ఆ క్రిందిదానిమీదికి దిగుచు భూమిని చేరవలెను. చెక్కిన తలము చెక్కిన తలమున కానుకొని నిలుచు ఆ కట్టడమున బరువే బంధనము.

ఇట్టి రాతిని గుట్టనుండి వేరుచేయుట వడ్డెరల పని. వారు ముందుగా బండను సమ్మెటతో తట్టి, ధ్వనిని విని, పొర యెటు నడచినదో గుర్తింతురు. ఆ గీతవెంబడి ఉలితో వరుసగా చిన్నగుంతలు తొలిచి, ఒక్కొక్కదానిలో ఇనుపచీలను నిలిపి, ఈ కొననుండి ఆ కొనవరకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క దెబ్బ చొప్పున వేయుచు పోదురు. మరల మొదటికి వత్తురు. తొందరపడి ఒక్క చీలనే బలముగా మోదినచో రాయి అడ్డదిడ్డముగా పగులును. అన్నియు సమముగా బిగిసినపుడు మాత్రమే గీత తప్పక చీలును. ఈ పనిలో ఇనుము లేనిదే అడుగు ముందుకు పడదు. కాని ఆ యినుము పనిముట్టుగా వచ్చి పనిముట్టుగానే పోవును. మొక్కపోయిన ఉలులకు పదును పెట్టించుటకు ఊరి కమ్మరి కొలిమిని చేరును తప్ప, గుడిగోడలో నిలిచిపోదు.

సామాన్యుని యిల్లు మిద్దె. రాతిని బురదమట్టితో పేర్చిన దళసరి గోడలపై దూలములు, దూలములపై అడ్డముగా దంతెలు, దంతెలపై దగ్గరగా పరచిన కట్టెలు, వానిపై ఆకు అలము, ఆపైన త్రొక్కిన మట్టి, అన్నింటిమీద చౌడుమన్ను. చౌడునేల పంటకు పనికిరాదు; మిద్దెకు మాత్రము దానిని మించిన రక్షణ లేదు. తొలివానకు తడిసినంతనే అందలి సూక్ష్మరేణువులు ఉబ్బి, రంధ్రములను పూడ్చి, తరువాతి నీటిని క్రిందికి దిగనీయవు. ఏటేట వేసవి చివర, మృగశిరకార్తెకు ముందుగా, గృహస్థుడు చౌడును బండిమీద తెచ్చి కప్పుపై పరచి, దిమ్మిసతో కొట్టి, నీరు దోనెవైపు పారునట్లు వాలును సరిచేసికొనును. వెలుతురు వచ్చుటకును పొగ పోవుటకును కప్పున విడిచిన గవాచికి వానాకాలమున మూత వేయుదురు. ఇంటి కొలతకు ప్రమాణము అంకణము, అనగా రెండు దూలముల నడిమి చోటు. మూడంకణముల యిల్లు, అయిదంకణముల యిల్లు అని ప్రజలు చెప్పుకొనుటలో కలిమి తెలియును, కట్టడపు లెక్కయు తెలియును. దొరకిన మ్రాను ఎంత పొడవో గది అంత వెడల్పు. అంతకు మించి వెడల్పు కావలెనన్నచో నడుమ కంబము నిలుపవలసినదే.

సంస్థానముల కాలమున దీనికి సున్నపుపని తోడయ్యెను. గద్వాల కోటను, వనపర్తి రాజభవనమును చూచినవారికి ఆ పని ఎంతటిదో బోధపడును. సున్నపురాతిని బట్టీలో కాల్చి, నీట చల్లార్చి, ఇసుకను, ఇటుకపొడియైన సుర్ఖీని చేర్చి, ఎద్దులు త్రిప్పు రాతిచక్రము క్రింద నలిపినది డంగుసున్నము. బెల్లపునీటిని, కరక్కాయలు నానిన నీటిని అందు కలుపు వాడుక గలదు. ఈ సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుచు ఏండ్ల తరబడి మెల్లమెల్లగా రాయియగును. సున్నముతోపాటు కమాను, గుమ్మటము పెరిగెను. వానితోపాటు బునాది, దర్వాజ మొదలగు ఉరుదూ మాటలును సీమలో స్థిరపడెను. తెలంగాణమున తాపీపనివాడు సుతారి. అతని చేతి మట్టపుబద్ద, తూకపుగుండు, మూలమట్టము నాటికిని నేటికిని అవియే.

ఇంతవరకు ఇంటిలో ఇనుమునకు గల స్థానము మేకు, గొళ్ళెము, గడియ, బందు, ద్వారపు పట్టీ మాత్రమే. బరువు మోయు బాధ్యత దానికి లేదు. తెలుగునాట ఉక్కు చేయు నేర్పు లేక ఇట్లుండెననుట సరికాదు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున మూసలలో కరగించిన ఉక్కును కొనిపోవుటకు పారశీకవర్తకులు అంతదూరమునుండి వచ్చెడివారు. కాని అది ముద్దలుగా పుట్టి కత్తులుగా సాగెడి లోహము. దూలముగా మలచుటకు చాలినంత రాశిగా పుట్టెడిది కాదు. పోతయినుమున బొగ్గుధాతువు నూటికి 2 పాళ్ళకు మించియుండును. అది నొక్కుబలమును భరించును గాని పెళుసు. చేతయినుమున బొగ్గు అత్యల్పము. అది సాగును, మెత్తన. ఈ రెండింటి నడిమిదగు ఉక్కు, బిగువును సాగుదలను ఒక్కచోట చేర్చుకొన్నది. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున పాశ్చాత్యదేశముల కర్మాగారములు ఉక్కును టన్నులకొలది తీయనేర్చిన పిమ్మటనే అది గృహనిర్మాణమున దూలమై నిలిచెను.

ఈ సీమకు ఆ లోహము ముఖ్యముగా రైలుదారిన వచ్చెను. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున నిజాము రైల్వేవారి మీటరుగేజి మార్గము గద్వాలమీదుగా కర్నూలును చేరుటతో గర్డరును, రివెటును, బోల్టును జనులు కంటితో చూచిరి. పట్టణపు మిద్దెలలో మ్రానుదూలమునకు మారుగా గర్డరును, కొన్నిచోట్ల అరిగిపోయిన రైలుపట్టాను పరచి, నడుమ షాబాదు బండలను పేర్చుట వాడుకయయ్యెను. అంకణము కొంత వెడల్పయ్యెను. కాని కట్టుబడిపద్ధతి మారలేదు. దూలము దూలముగానే, బండ బండగానే వేర్వేరుగా నుండెను.

నిజమైన మార్పు సిమెంటుతో వచ్చెను. ఇంగ్లండున జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పోర్ట్‌లాండు సిమెంటునకును, ఫ్రాన్సున తోటమాలి జోసెఫ్ మోనియే 1867లో ఇనుపతీగెలు చేర్చిన సిమెంటు తొట్లకును పేటెంట్లు పొందిరి. కాంక్రీటు రాతివంటిది, నొక్కుబలమును ఎంత సహించునో లాగుబలమును అందులో సుమారు పదవవంతు మాత్రమే సహించును. ఆ లోటును ఉక్కు పూరించును. ఎండకు రెండును దాదాపు సమముగా వ్యాకోచించుటవలన ఒకదాని నొకటి విడువవు. సిమెంటులోని క్షారగుణము ఉక్కును త్రుప్పునుండి కాపాడును. దూలము వంగునపుడు అడుగుభాగము సాగును గనుక ఉక్కుసలాకను అడుగున నుంచవలెను. గోడనుండి ముందుకు చాచిన సజ్జకు మాత్రము పైభాగము సాగును గనుక సలాక పైన నుండవలెను. ఈ భేదమెరుగక వేసిన సజ్జ సెంట్రింగు విప్పిన దినముననే నేలకొరుగును.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట బీచుపల్లివద్ద కృష్ణపై రహదారి వంతెన లేచి పుట్టిప్రయాణమునకు ముగింపు పలికినది. నాలుగు వరుసల రహదారికొరకు తరువాత దాని ప్రక్కనే మరియొకటి వెలసినది. వంతెన దాటి లారీ రాగలిగినంతనే సిమెంటుబస్తా, సలాకలకట్ట ఇరుగట్ల గ్రామములకును చేరెను. తొలుత వచ్చినది నున్నని కడ్డీ. 1960 దశకమునుండి మెలిత్రిప్పిన టోర్ కడ్డీ. నేడు సర్వత్ర టీఎంటీ. ఎర్రగా కాలుచున్న కడ్డీపై నీటిని బలముగా చిమ్మి పైపొరను గట్టిపరచి, లోపలి వేడిమితోనే ఆ పొరకు తగిన పదును వచ్చునట్లు చేయుట దీని రహస్యము. కడ్డీవ్యాసమును మిల్లీమీటర్లలో కొలిచి, ఆ సంఖ్యను దానితోనే గుణించి, 162తో భాగించినచో మీటరు బరువు కిలోలలో తేలును, 12 మి.మీ. కడ్డీ మీటరునకు ఇంచుమించు 0.89 కిలో. బడిమెట్లెక్కని మేస్త్రీ సైతము ఈ లెక్కను నోటితో చెప్పును.

స్లాబుపోయు దినము పల్లెలో చిన్న ఉత్సవము. రాత్రియే సెంట్రింగు పలకలు బిగించి, సలాకలను గళ్ళుగా పరచి, కూడలికూడలికి బైండింగువైరు మెలివేసి, ఉక్కు పలకలకు అంటుకొనకుండ క్రింద కవరుబిళ్ళలు పెట్టియుంచెదరు. తెల్లవారగానే మిల్లరు తిరుగును. కంకర, ఇసుక, సిమెంటు, నీరు కలిసిన మాలు గమేళాలకెక్కి, మెట్లపొడవునను నిలిచిన స్త్రీల చేతినుండి చేతికి మారుచు పైకి పోవును. ఖాళీ గమేళాలు మరియొక వరుసలో క్రిందికి దిగును. నడుమ ఆగుటకు వీలులేదు. ఆగినచోట అతుకు పడును, అతుకు పడినచోట నీరు దిగును. మరునాటినుండి మడులు కట్టి నీరు నిలిపి తడుపవలెను; పూర్ణబలమునకు 28 దినములను ప్రమాణముగా చెప్పుదురు.

ఆ గమేళావరుసలోని చేతులకు ఈ సీమ పెట్టినది పేరు. ఈ సీమకు వాడుకపేరు పాలమూరు; పాలమూరు కూలీ యనగానే దేశమందలి గుత్తేదారులు ఎరుగుదురు. వానలు తప్పిన మెట్టపొలముల రైతు, పనిలేని నెలలలో గుంపుమేస్త్రీవద్ద ముందుగా సొమ్ము పుచ్చుకొని, ఆలుబిడ్డలతో మూటముల్లె కట్టుకొని, ఆ బాకీ తీరువరకు ఆనకట్టలవద్దను కాలువలవద్దను తట్ట మోసెడివాడు. నెహ్రూ 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరము రాతికట్టడపు ఆనకట్టలలో అతిపెద్దది. యంత్రములును, ఉక్కును, సిమెంటును అరుదైన ఆ దినములలో అది వేలాది మనుషుల భుజబలముమీద లేచెను. 1981లో శంకుస్థాపన జరిగిన జూరాల ఆనకట్ట వచ్చువరకు కృష్ణ తమ గుమ్మము ముందునుండి పారిపోవుచుండగా, పరుల పొలములకు నీరిచ్చు కట్టలను ఈ సీమవాసులు కట్టిరి. రాతి పొరను చెవితో గుర్తించు వడ్డెర, చౌడు వాలును కంటితో సరిచేయు రైతు, తమ నేర్పుతోనే ఆ పనులకు పోయిరి. వారి కూలి మాత్రము తట్టల లెక్కననే కట్టబడెను.

1959లో వనపర్తి రాజభవనమున పాలిటెక్నిక్ కళాశాల వెలసినది. డంగుసున్నపు గోడల నడుమ కూర్చుండి విద్యార్థులు బీము, కాలము, ఫుటింగు అను మాటలతో సివిలు ఇంజినీరింగు నేర్చుకొనిరి. తలపైని కప్పు ఏ లెక్కతో నిలిచినదో చెప్పుటకు పాఠ్యక్రమమున చోటెంత యన్నది ఆలోచింపదగిన విషయము. పాతపని నోటిమాటగా సుతారులయందు, క్రొత్తపని గ్రంథస్థమై ఇంజినీర్లయందు నిలిచి, రెండు వాఙ్మయములును ఒకదాని నొకటి పలుకరింపకయే అర్ధశతాబ్ది గడపెను.

ఈ రెండు విద్యలకు నడుమగల మౌలికభేదమును కూడవెల్లి ఉదంతము స్పష్టము చేయును. కృష్ణాతుంగభద్రల సంగమమున నున్న ఆ గ్రామము శ్రీశైలజలాశయమున మునుగనుండగా, పురావస్తుశాఖవారు అచ్చటి సంగమేశ్వరాలయమును విప్పి, రాయిరాయికి సంఖ్య వేసి, అలంపురమునకు చేర్చి, ఆ సంఖ్యల క్రమముననే మరల నిలిపిరి. పదమూడు శతాబ్దులు గడచిన పిమ్మటను ఆ గుడి విప్పుటకు లొంగెను. ఏలయన దాని యంగములు కలిసి నిలిచినను వేర్వేరుగానే యుండెను. మిద్దెయు అంతే: పుచ్చిన దంతెను తీసి క్రొత్తది వేయవచ్చును, దూలమును మరియొక యింటికి తరలింపవచ్చును. కాంక్రీటు కట్టడమున దూలము, కంబము, కప్పు ఒక్క ముద్దయై, ఆ యేకత్వమువలననే అంత సన్నని యంగములతో అంతటి బరువును మోయును. కాని లోపల సలాక త్రుప్పుపట్టినచో, త్రుప్పు తన యినుముకంటె ఎక్కువ చోటు కోరి కాంక్రీటును లోపలినుండి పెళ్లగించును. ఒక్క యంగమును వేరుచేసి మార్చుట దుస్సాధ్యము.

కావున పాతది మేలు, క్రొత్తది కీడు అని తీర్పు చెప్పుట నా యభిమతము కాదు. రాతితోను మ్రానుతోను కృష్ణకు వంతెన వేసి దినమునకు వేలకొలది లారీలను దాటించుట అసాధ్యము. అయితే ఏటేట చౌడు మార్చుకొను మిద్దెవలన తెలిసినదొక్కటి కలదు: కట్టుటతో పని ముగియదు, పోషణయు కట్టడములోని భాగమే. కాంక్రీటునకు పోషణ యక్కరలేదను భ్రమతో నీరుకారు స్లాబులను, పెచ్చులూడిన సజ్జలను ఊరూర ఉపేక్షించుచున్నాము. సెంట్రింగు విప్పిన దినముతో మరచిపోవుట మాని, ఏడాదికొకమారు మృగశిరకు ముందు మేడనెక్కి పగుళ్లు వెదకుకొను అలవాటును ఆర్‌సీసీ ఇంటివారును మిద్దెవారినుండి నేర్చుకొనవలసియున్నది. ఆ పాఠమును వనపర్తి తరగతిగదిలో చెప్పించుటకు తగిన గురువులు, నాగర్‌కర్నూలు గ్రామములలో ఇంకను మిద్దెలకు చౌడు కొట్టుచున్నారు.