కవిలె, శాసనము, లేఖకుడు: తామ్రపత్రం నుండి పీడీఎఫ్ దాకా



మన పూర్వుల వ్రాతకోతలలో రెండు తీరులు కనబడతాయి. మొదటిది కవిలె. ఊరి భూములు, పన్నులు, చేతులు మారిన హక్కులు ఏటేటా కరణం అందులో వ్రాసుకొంటూ పోయేవాడు. కవిలె మారుతూ ఉండవలసిందే, మారకపోతే అది కవిలె కాదు. రెండవది శాసనం. ఒకనాడు ఒక దాత ఒక గ్రహీతకు ఇచ్చినదానిని రాతిమీదనో రాగిరేకుమీదనో నిలిపి ఉంచేది. శాసనం మారకూడదు, మారితే అది కూటశాసనం అవుతుంది. నేటి కంప్యూటరు భాషలో కవిలెకు డేటాబేసు అని పేరు, శాసనానికి పీడీఎఫ్ అని పేరు. ఈ రెంటి నడుమ కూర్చున్న లేఖకుడే స్టోర్డ్ ప్రొసీజరు. ఈ పోలిక చమత్కారానికి చెప్పడం లేదు. మన పొలం కాగితాల భద్రత దీనిపై ఆధారపడి ఉన్నది గనుక చెబుతున్నాను.

నెల్లూరు సీమ శాసనసంపదకు పెట్టినది పేరు. అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల చెట్టి గార్లు ఈ జిల్లాలోని రాగిరేకులను, శిలాశాసనాలను సేకరించి 1905లో మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు. రాగిశాసనం కట్టుబడిని గమనించండి. రేకులకు రంధ్రం చేసి ఒక వలయం గుచ్చి, ఆ వలయపు కొసలను రాజముద్రలో అతికేవారు. ముద్ర చెడకుండా నడుమ ఒక రేకును మార్చడం సాధ్యం కాదు. రాపిడికి అక్షరాలు చెరగకుండా సాధారణంగా వెలుపలి ముఖాలను వ్రాయకుండా వదలేవారు. దానశాసనంలో దాత వంశం, దానపరిమాణం, రాజు చేవ్రాలు, కాలం, ముద్ర ఉండాలని యాజ్ఞవల్క్యస్మృతి విధించింది. పెక్కు శాసనాల చివర వ్రాసినవాని పేరు కూడా కనబడుతుంది. ఆ చివరి సంగతిని గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

రాయి, రాగి నిలిచాయి గాని కాగితానికి మన తీరం అనుకూలం కాదు. ఉప్పుగాలి, చెమ్మ, చెదలు ఒకవైపు. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర, 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానులు, 2004 డిసెంబరు 26 నాటి సునామీ మరొకవైపు. 1984లోనే కరణాల వ్యవస్థ రద్దయింది. తరతరాలుగా ఒక కుటుంబం చేతిలో ఉన్న కవిలె ప్రభుత్వ బీరువాలోకి చేరింది. కరణం పెత్తనం పోవడం న్యాయమే. అయితే ఏ మడి ఎవరిదో నోటికి చెప్పగల జ్ఞాపకం కూడా దానితోపాటే పోయింది.

1998 నవంబరు 4న రిజిస్ట్రేషను శాఖలో ‘కార్డ్’ పథకం 214 సబ్ రిజిస్ట్రారు కార్యాలయాలలో మొదలయింది. దస్తావేజుకు చేతితో నకలు వ్రాసే పద్ధతి స్థానంలో స్కానింగు వచ్చింది. రోజులు పట్టే ఇ.సి., అనగా ఋణభార పత్రం, నిమిషాలలో చేతికి వచ్చింది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం డిజిటల్ సంతకానికి చట్టబద్ధత కల్పించింది. 2011లో మీసేవ, 2015లో మీభూమి వచ్చాయి. అడంగలు కోసం కార్యాలయం చుట్టూ తిరిగిన రైతు ఇప్పుడు తెరమీద చూచుకొంటున్నాడు. ఇది నిస్సందేహంగా మేలు.

ఇక డేటాబేసు నుండి పత్రం పుట్టే విధానం చూద్దాం. సమాచారాన్ని పట్టికలుగా, వాటి సంబంధాలుగా నిలిపే సిద్ధాంతాన్ని ఎడ్గార్ కాడ్ 1970లో ప్రతిపాదించాడు. ఆ పట్టికలు ఉన్న చోటనే, డేటాబేసు లోపలనే, చేయవలసిన పనిని వ్రాసి దాచి, పిలిచినప్పుడు నడిపించేదే స్టోర్డ్ ప్రొసీజరు. సైబేస్ దీనిని 1987లో, ఒరాకిల్ తన ఏడవ కూర్పుతో 1992లో తెచ్చాయి. 1993లో అడోబీ సంస్థ పీడీఎఫ్‌ను వెలువరించింది. అది 2008లో అంతర్జాతీయ ప్రమాణమయింది.

పీడీఎఫ్ నిర్మాణం కరణాలు మెచ్చుకొనేటట్టు ఉంటుంది. ముందు తన పేరు చెప్పుకొనే ఒక పంక్తి. తరువాత సంఖ్యలు వేసిన భాగాలు: పుటలు, అక్షరరూపాలు, వ్రాత. చివర ఒక సూచిక. ఏ భాగం ఫైలు మొదటి నుండి ఎన్నవ బైటు దగ్గర ఉన్నదో పది అంకెలలో అందులో వ్రాస్తారు. ఒక్కొక్క వరుస సరిగ్గా 20 బైట్లు ఉండాలి. కనుక లెక్క తప్పకుండా వ్రాయగల ప్రొసీజరు వేరే ఏ ప్రోగ్రాము సహాయమూ లేకుండా డేటాబేసులోనుండే పీడీఎఫ్‌ను పుట్టించగలదు. సమాచారం బయటికి వచ్చి ఇంకొక చేతిలో పడకుండా నేరుగా పత్రమవుతుంది. దారిలో చేతులు తగ్గినకొద్దీ దిద్దుబాట్లకు తావు తగ్గుతుంది. ఈ పద్ధతికి ఉన్న గొప్ప గుణం ఇదే.

చిక్కల్లా మన లిపి దగ్గర వస్తుంది. ‘స్త్రీ’ అనేది మనకు ఒకే అక్షరం. యూనికోడులో అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. యూటీఎఫ్-8 పద్ధతిలో దాచితే 18 బైట్లు. ఒరాకిల్‌లో ‘లెంగ్త్’, ‘లెంగ్త్‌బి’ అని రెండు వేరువేరు కొలతలు ఉన్నది ఇందుకే. ఒక అక్షరానికి ఒక బైటే అనుకొని ఇంగ్లీషు కోసం వ్రాసిన ప్రొసీజరు వేసే సూచిక తెలుగు దగ్గర తప్పిపోతుంది.

అంతకంటె లోతైన చిక్కు ఇంకొకటి. సంకేతాలలో చివర ఉన్న ఈత్వం రూపంలో మొదటి సకారం తలమీద కూర్చుంటుంది. తకార రకారాలు వత్తులై కిందికి దిగుతాయి. ఈ కూర్పు చేసే పని ఫాంటులోని నియమాలను చదివే వేరొక యంత్రాంగానిది. విండోస్ ఎక్స్‌పీ 2001లో గౌతమి ఫాంటుతో పాటు ఆ యంత్రాంగాన్ని మన తెలుగుకు తెచ్చింది. కాని డేటాబేసు లోపలి ప్రొసీజరుకు ఆ విద్య తనంతట రాదు. అది సంకేతాలను వరుసగా పేర్చితే ‘స్‌’, ‘త్‌’, ‘రీ’ అని మూడు ముక్కలవుతాయి. తెరమీద సరిగా కనబడిన సుబ్బమ్మ గారి పేరు ముద్రిత పత్రంలో విడిపోవడానికి కారణం ఇదే. పైగా పీడీఎఫ్ చదివే ప్రోగ్రాములలో సిద్ధంగా ఉండాలన్న 14 ప్రామాణిక ఫాంటులలో ఒక్కటీ తెలుగుది కాదు. మన ఫాంటును మనమే ఫైలులో పొదగాలి. ఏ రూపం ఏ అక్షరాలదో తెలిపే పట్టికను కూడా జతచేయాలి. ఆ పట్టిక లేకుంటే పత్రం కంటికి చక్కగానే ఉంటుంది గాని, వెదికితే ‘లక్ష్మి’ దొరకదు. రేపు ఒక వారసురాలు తన అమ్మమ్మ పేరుతో వెదికి, ‘లేదు’ అన్న జవాబు చూచి వెనుదిరిగితే ఆ నష్టానికి బాధ్యులెవరు?

డిజిటల్ సంతకం రాజముద్ర వంటిది. సంతకమైన తరువాత అది కప్పిన భాగంలో ఒక్క బైటు మారినా పట్టుబడుతుంది. అయితే వ్రాసినది మారలేదని మాత్రమే ముద్ర చెబుతుంది, వ్రాసినది నిజమని చెప్పదు. కవిలెలో తప్పు ఉంటే ముద్ర వేసిన శాసనంలోనూ అదే తప్పు ఉంటుంది. పూర్వం ఒక లేఖకుని పొరపాటు ఒక రేకుకే పరిమితం. ప్రొసీజరులో పొరపాటు దొర్లితే వేల పత్రాలలో ఒకే రోజున దొర్లుతుంది.

ఇంకొక సూక్ష్మం ఉన్నది. ‘పీడీఎఫ్‌ను దాచడమెందుకు, కావలసినప్పుడు డేటాబేసు నుండి మళ్ళీ పుట్టించవచ్చును గదా’ అని కొందరంటారు. అది కవిలెకూ శాసనానికీ గల భేదం మరచిన మాట. నేడు పుట్టించిన పత్రం నేటి కవిలెను చెబుతుంది. పదేళ్ళ క్రితం ఆ రైతు చేతికి ఏమి ఇచ్చారో చెప్పదు. నడుమ పట్టిక దిద్దబడి ఉండవచ్చు, ప్రొసీజరే మారి ఉండవచ్చు. వివాదం న్యాయస్థానానికి చేరినప్పుడు కావలసింది ఆనాడు ఇచ్చిన ప్రతియే. దీర్ఘకాలం దాచవలసిన పత్రాలకు ఫాంటులు పొదగడం తప్పనిసరి చేస్తూ పీడీఎఫ్-ఎ అనే ప్రమాణం 2005లోనే వచ్చింది.

కాబట్టి నా మనవి రెండు ముక్కలు. ఇచ్చిన ప్రతి పత్రాన్నీ ఇచ్చినదానిని ఇచ్చినట్టే భద్రపరచాలి. రెండవది, శాసనం చివర లేఖకుని పేరు వ్రాసినట్టుగా, ఏ ప్రొసీజరు, ఎన్నవ కూర్పు, ఏ తేదీన, ఏ క్షణాన ఆ పత్రాన్ని వ్రాసిందో దాని అడుగున ఒక పంక్తి ఉండాలి. తప్పు బయటపడిన నాడు ఆ కూర్పు వ్రాసిన పత్రాలన్నిటినీ ఏరి, వాటి యజమానులను పిలిచి దిద్ది ఇవ్వడానికి ఆ ఒక్క పంక్తి చాలును.

స్వస్తి.